అడుక్కొచ్చిన అంగీ

మా అమ్మ ట్రంకు పెట్టె మూత ఎత్తితే ముందు ఎండు వేపాకు వాసన వస్తుంది, దాని వెనకాలే కర్పూరం, ఇంకా అడుగు నుంచి ఉప్పుగాలి పట్టిన పాత నూలుగుడ్డ వాసన. ఆ మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి నా వయసు అమాంతం పదకొండేళ్ళకు పడిపోతుంది. మొన్న అమ్మ ఆ పెట్టె మళ్ళీ తెరిచింది. ఎందుకు తెరిచిందో చెప్పేముందు ఒక మాట చెప్పేయాలి, చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను. నేను బి.ఏ. ప్యాసయ్యాను. మా పాలెంలో ఇంతవరకు బి.ఏ. చదివిన ఆడది లేదు, మగవాడూ లేడు. మా ఇంట్లో అయితే నాకు ముందు వేలిముద్రలే తప్ప సంతకాలు లేవు. పేపర్లో నా నంబరు చూసుకున్న రోజు నెల్లూరు నుంచి విడవలూరు దాకా బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పాను. కండక్టరు టికెట్టు కొట్టేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఇంకోసారి విన్నాడు. ఇప్పుడు మీ వంతు.

ప్యాసైన మనిషి పేరు కుప్పమ్మ. నవ్వుకోండి, ఏమీ అనుకోను. కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి లెక్చరర్లు కూడా ఒకసారి కళ్ళజోడు సర్దుకునేవాళ్ళు. కుప్ప అంటే పెంటకుప్పే, వేరే అర్థం ఏమీ లేదు. పేరు మార్చుకోమని హైస్కూలులో ఒక పెద్దావిడ చాలా మంచి మనసుతో చెప్పింది కూడా. మార్చుకోలేదు. ఎందుకు మార్చుకోలేదో అదే నేను చెప్పబోయే కథ.

విడవలూరుకు తూర్పున వెళ్ళి, కాలువ దాటి, సరుగుడు తోపు దాటి, ఇసుకదిబ్బ ఎక్కితే సముద్రమూ మా పాలెమూ ఒకేసారి కనబడేవి. తాటాకు ఇళ్ళు, వాటి ముందు ఆరబెట్టిన నెత్తళ్ళ చేపలు, నెత్తళ్ళకు కాపలాగా ముసలమ్మలు, ముసలమ్మలను ఏమార్చే కాకులు. అప్పట్లో వలలన్నీ నూలువి. అవి ఉప్పునీటికి కుళ్ళకుండా పెద్ద పెద్ద బానల్లో తుమ్మచెక్క ఉడకబెట్టి, ఆ ఎర్రటి కషాయంలో ముంచి ఆరేసేవాళ్ళు. ఆ బానలు పొయ్యి మీద ఎక్కిన రోజు పాలెమంతా వగరు వాసన కొట్టేది. మేము ఆ కషాయంలో కాళ్ళు ముంచుకుని ఎర్రజోళ్ళు తొడుక్కున్నామని గొప్పలు పోయేవాళ్ళం. ఎండాకాలంలో పుల్లమామిడి ముక్కలేసి మా అవ్వ పెట్టిన చేపల పులుసు, అది కూడా వండిన రోజు కాదు, మర్నాడు పొద్దున మూకుడు అడుగున చిక్కబడి మిగిలినది, రాగిసంగటిలో గుంట చేసి పోసుకుంటే, ఆ సంగటి ముద్ద కోసం నేనూ చెల్లెలూ కొట్టుకునేవాళ్ళం. కార్తీకంలో సముద్రం పిచ్చెక్కినట్టు అరిచేది, తెప్పలు ఒడ్డున బోర్లా పడుకునేవి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ మా మీద విసుక్కునేవాళ్ళు. వాన వెలిసిన పూట ఎర్రపీతలు దిబ్బనిండా పరిగెత్తేవి. వాటి వెంట మేము.

మా అమ్మకు ఇద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, నా తర్వాత రెండేళ్ళకు రాజేశ్వరి. పేర్లలోనే ఉంది కదా తేడా. రాజీకి తల దువ్వి, జడ వేసి, కనకాంబరాలు పెట్టి, వెనక్కి జరిగి, మళ్ళీ చూసుకుని, ‘నా బంగారే, నా చందువ పిల్లే’ అని చందువ చేపతో పోల్చి మురిసిపోయేది అమ్మ. నాకు తల దువ్వేటప్పుడు మాత్రం పీచు పీకినట్టు రెండుసార్లు దువ్వి, ‘పో’ అనేది. పైగా వదలకుండా చెంపకు ఇంత మసి పూసేది. రాజీకి దిష్టిచుక్క పెట్టేది, నాకేమో చట్టి అడుగు పూసినట్టు పూసేది. ఏటా గంగమ్మ కొలుపుకు రాజీకి నెల్లూరు నుంచి శాటిన్ పావడా వచ్చేది. నాకు కొత్తగుడ్డ అన్నది లేదు. ఏ ఇంట్లోనో ఎవరో కట్టి విడిచినది తెచ్చి, నా కొలతకు కత్తిరించి ఇచ్చేది. మా నాన్న ఒకసారి విడవలూరు సంతలో నాకు పచ్చగళ్ళ గౌను కొన్నాడు. అమ్మ దాన్ని తీసుకుపోయి పొరుగింటి పోలమ్మ పెద్దమ్మ కూతురికి తొడిగి, రెండు ఉతుకులు పడ్డాక అడిగి తెచ్చి నాకిచ్చింది. నాన్న బీడీ వెలిగించుకుని తెప్ప దగ్గరికి పోయాడు.

ఇంటికి ఎవరైనా వస్తే ఇంకా అన్యాయం. చేపల గంప దించి కూర్చున్న ఆవిడెవరో ఒకసారి నన్ను చూసి, ‘నీ పెద్దదాని కండ్లు బాగుండాయి మే’ అంది.

అమ్మ వెంటనే పక్కకు తిరిగి ఉమ్మేసింది. ‘దీని కండ్లా? రెండు దినాలు ఎండిన సావిడాయికి కూడా ఇంతకన్నా మేలైన కండ్లుంటాయి. చిన్నదాన్ని జూడు.’

నేను ఆ రోజు బావి దగ్గరికి పోయి నీళ్ళలో నా కళ్ళు చూసుకున్నాను. సావిడాయి చేపకు కళ్ళు మరీ అంత చెడ్డగా ఏమీ ఉండవు, అయినా ఎండినదంది కదా.

అన్నిటికన్నా నన్ను కుమ్మేసిన మాట ఇంకోటి ఉంది. ‘దీన్ని మేము కనలేదు, పోలమ్మ దగ్గర తవుడిచ్చి కొనుక్కున్నాం’ అని అమ్మ అందరితో చెప్పేది, నవ్వుతూ కాదు, ధర చెప్పినట్టు చెప్పేది. చాలాకాలం నేను దాన్ని నిజమే అనుకున్నాను. అలా అయితే నా అసలు అమ్మ పోలమ్మ పెద్దమ్మ అన్నమాట. ఆవిడ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా, గొంతు తెప్ప మీదున్న వాళ్ళకు కూడా వినబడేది. ఒక మధ్యాహ్నం వెళ్ళి నేరుగా అడిగేశాను.

‘పెద్దమ్మా, నన్నెందుకు అమ్మేసినావు?’

ఆవిడ నోట్లో ఆకు బయటపడేదాకా నవ్వింది. ‘చేటడు తవుడు ఇస్తామనిరి. బేరం బాగుండాదని అమ్మేసినా. మా బర్రె రెండు పూటలు తినింది.’

‘మళ్ళా కొనుక్కోరాదూ? నేను నీళ్ళు మోస్తా.’

నవ్వు ఆపి, నా చెంప మీది మసి తుడవబోయి, తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘ఇప్పుడు నీ ధర పెరిగిపోయిందే బిడ్డా. మీ అమ్మ అమ్మదు’ అని, పీతల వేపుడు పెట్టి పంపించింది. తింటూ ఏడ్చాను. కారానికి కొంత, బాధకు కొంత.

కాలువకు అవతల మిషను బడి ఉండేది. పొద్దున్నే పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, పావడాలు పైకి దోపుకుని పడవలో కాలువ దాటేవాళ్ళం. సరుగుడు కట్టెలతో మద్రాసు పోయే పడవలను కట్ట మీద నడుస్తూ తాళ్ళతో లాగేవాళ్ళు. వాళ్ళను చూస్తూ నిలబడి బడికి ఆలస్యమైతే రత్నమ్మ టీచరు బెత్తం చూపించేదే గాని వాడేది కాదు. ఆవిడ తెల్లచీర, చిన్న ముడి, పెద్ద గొంతు. రోజూ మొదటి గంట బైబిలు కథ చెప్పేది. మాలో సగం మంది గంగమ్మ పిల్లలం, విడవలూరు దర్జీ కూతురు ఫాతిమా లాంటి సాయిబుల పిల్లలు కొందరు, అయినా ఆ గంట ఎవరూ ఎగ్గొట్టేవాళ్ళు కాదు. ఆ కథల్లో వాళ్ళంతా అచ్చం మా పాలెం వాళ్ళలాగే బావుల దగ్గర పోట్లాడుకునేవాళ్ళు, వంట దగ్గర మోసం చేసుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళలో మాట తప్పేవాళ్ళు.

నాకు పదకొండేళ్ళప్పటి వానాకాలంలో ఆవిడ యాకోబు సంసారం మొదలుపెట్టింది. ఆయన రాహేలును చూసి మనసుపడి మామ దగ్గర ఏళ్ళ తరబడి గొర్రెలు కాస్తే, తీరా పెళ్ళినాడు ఆ మామ ముసుగు కింద పెద్దకూతురు లేయాను పంపించాడు. మాకు ఒళ్ళు మండిపోయింది.

‘మొగం జూడకుండా పెండ్లెట్టా చేసుకున్యాడు టీచరమ్మా?’ అన్నాను.

‘ముసుగేసినారు కదా.’

‘మా పాలెంలో అయితే ముసుగేసినా నడక జూసి చెప్పేస్తారు’ అంది వెనక నుంచి రాజీ. బడంతా నవ్వింది. టీచరమ్మ కూడా.

నేను నవ్వలేదు. ఎందుకంటే తర్వాత ఆవిడ, లేయా కళ్ళు బాగుండేవి కావనీ, భర్త ఆమెను ప్రేమించలేదనీ, కొడుకు పుట్టినప్పుడల్లా ఇప్పుడైనా నన్ను దగ్గరికి తీస్తాడేమోనని ఎదురుచూసేదనీ చెప్పింది. కళ్ళు బాగుండవట. నాకు ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత దూరం నుంచి, ఇంత పాతకాలం నుంచి నా కథ నడిచి వచ్చి మా బడి గుడిసెలో కూర్చుంది. లేయా నేనే. రాహేలు, పక్కనే కనకాంబరాలు పెట్టుకుని, పలక మీద చేపబొమ్మ గీస్తోంది.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ, అంటే మా నాన్న తల్లి, కాళ్ళు చాపుకుని వల చిరుగులు అల్లుతూ వినేది. వింటుందో లేదో తెలిసేది కాదు, కానీ మర్నాడు ‘ఆ గొర్రెలోళ్ళ సంగతి ఏమైంది?’ అని తనే అడిగేది. లేయా దగ్గరికి వచ్చేసరికి పావడా అంచుతో ముక్కు తుడుచుకున్నాను.

‘ఏడుస్తుండావేందే, ఎవురో ఎడారోళ్ళ కోడలి కోసరం?’ అంది అవ్వ.

కథ ముందుకు పోయింది. రాహేలుకు యోసేపు పుట్టాడు, యాకోబుకు మిగతా కొడుకులందరి కన్నా వాడంటే ప్రాణం, వాడికొక్కడికే రంగురంగుల అంగీ కుట్టించాడు, అన్నలు అది చూసి, వాడు చెప్పే గొప్ప గొప్ప కలలు విని ఓర్వలేక వాడిని నీళ్ళులేని బావిలో తోశారు, తర్వాత ఐగుప్తు దేశం పోయే వర్తకులకు అమ్మేశారు. అవ్వ అల్లడం ఆపేసింది.

‘ఆ ముసిలాయనకు బుద్ధి ల్యా. బిడ్డ మీద అంత పేముంటే అంగీ కుట్టించి పదిమందిలో తిప్పుతాడా? దిష్టి తగలదా? బావిలో తోసింది అన్నలు గాదు, ఆ నాయనే.’ దారం పళ్ళతో కొరికింది. ‘పేముంటే లోపల పెట్టుకోవాల. పైకి తిట్టాల. బిడ్డను నిలబెట్టుకోవాల్నంటే అదీ తెలివి.’

ఆ మాట అప్పుడు నాకు కథ మీద మాటగానే వినబడింది.

డిసెంబరులో బడి పండగకు రత్నమ్మ టీచరు ఈ కథనే నాటకం వేయిస్తానంది. మగపిల్లలు మా బడిలో తక్కువ, ఉన్నవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు, అందుకని అన్నల గడ్డాలన్నీ ఆడపిల్లలకే వచ్చాయి. ఫాతిమాకు దూదిగడ్డం పెట్టి యాకోబును చేసింది. తమ ఇంట్లో కూడా ఈ కథ ఉందనీ, తమవాళ్ళు యూసుఫ్ అంటారనీ ఫాతిమా చెప్పడంతో దాని మాటకు బలం పెరిగింది. యోసేపు అందగాడు గనక రాజీ యోసేపు. నేను, నా కళ్ళూ, నా మసీ, పెద్దన్నలం. యోసేపు దూరం నుంచి వస్తుంటే ‘ఇడుగో వస్తుండాడు కలలు కనేవాడు’ అనాలి, తర్వాత తోయాలి. నాలుగు పెద్ద చేపల గంపలు ఒకదాని మీద ఒకటి అడుగులు తీసి పేర్చి బావి కట్టాం. ప్రాక్టీసులో నేను ఎంత మనసుపెట్టి తోసేదాన్నంటే బావి రెండుసార్లు పడిపోయింది, రాజీ మోచెయ్యి గీరుకుంది. ‘బాగా చేస్తున్నావు కుప్పమ్మా, కొంచెం తగ్గించు’ అనేది టీచరమ్మ.

ఇక అంగీ కావాలి. ఎవరింట్లో వాళ్ళు వెతకండి, రంగురంగులుగా ఉంటే చాలు అంది. ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ చేపలమ్మడానికి పోయి ఇంకా రాలేదు. రాజీ, అమ్మ ముద్దుబిడ్డ కాబట్టి భయం లేదు, ట్రంకు పెట్టె తీసి లోపలికి తల దూర్చింది. వేపాకు వాసన గుప్పుమంది. అమ్మ పెళ్ళిచీర కింద, ఎండు వేపాకు దొంతర కింద, మడతపెట్టి ఒక అంగీ ఉంది.

అలాంటి గుడ్డ నేను చూసి ఎరగను. ఎర్రచీర ముక్క, లుంగీ గళ్ళు, పసుపు పంచె అంచు, నీలం రవిక చెయ్యి, నల్లటి జరీ పేలిక, అరచెయ్యి అంతది ఒకటి, బొటనవేలంత ఇంకొకటి, అన్నీ కలిపి వల అల్లే దారంతో కుట్టి ఉన్నాయి. నడుమ ఛాతీ దగ్గర పసిబిడ్డకు సరిపడేంత చిన్న చొక్కా, దాని చుట్టూ వలయాలుగా ముక్కలు పెరుగుతూ పోయి, నిలువుటంగీ అయింది. రాజీ సంతోషంతో కెవ్వుమని దాన్ని తలమీద నుంచి వేసుకుంది. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి, కింది అంచు నేల మీద ఈడ్చుకుపోయింది. అలాగే గుమ్మం దాకా పోయింది, అప్పుడే అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వస్తోంది.

గంప అమ్మ నెత్తి మీద నుంచి జారిపోయింది. అమ్ముడుపోని కవళ్ళు ఇసుకలో చెదిరాయి.

‘ఇప్పు’ అంది. రాజీ నవ్వింది. అమ్మ దాన్ని ఎప్పుడూ కోప్పడలేదు కదా, దానికా గొంతు తెలియదు. ‘ఇప్పవే ముందు. అది నీది గాదు. అక్కది. అక్క ఒంటికి తప్ప ఇంకెవురి ఒంటికీ తగలకూడదు.’

నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. అక్కది అన్న మాట నా చెవిలోకి పోయి కూర్చుంది, లోపల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ అంగీని చేతుల్లోకి తీసుకుని, ఇసుక దులిపి, ఎక్కడైనా చిరిగిందా అని ప్రతి అంచూ చూసి, మడత పెట్టి, అప్పుడు నన్ను చూసింది.

‘గుడ్లప్పగించి చూస్తావేందే కుప్పా? చేపలేరు’ అని లోపలికి పోయింది.

అవ్వ చెప్పింది మిగతాది, నాతోపాటు చేపలేరుతూ. నాకు ముందు అమ్మకు ముగ్గురు పుట్టారట. ముగ్గురికీ మంచి పేర్లు పెట్టారు, ముగ్గురికీ కొత్తగుడ్డలు తొడిగారు, ఊరంతా చూసి ముచ్చటపడింది, ఏడాది నిండకుండా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను పుట్టినప్పుడు అమ్మ నన్ను చేటలో వేసి, తీసుకుపోయి పెంటకుప్ప మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. పోలమ్మ పెద్దమ్మ ఎవరిదో బిడ్డ దొరికిందన్నట్టు ఎత్తుకుని గుమ్మంలోకి వస్తే, తవుడు కొలిచి కొనుక్కున్నారు. పెంటకుప్ప మీది బిడ్డను, తవుడికి కొన్న బిడ్డను, ఏ కన్ను ఓర్వలేకపోతుంది? అమ్మ గంగమ్మకు మొక్కుకుంది: ఈ బిడ్డ పెద్దమనిషి అయ్యేదాకా దీన్ని పొగడను, దీనికి కొత్తగుడ్డ కట్టను, ఇంటింటికీ పోయి అడుక్కొచ్చిన గుడ్డే తొడుగుతాను. పురిటి మంచం దిగిన బాలింత, గుమ్మం గుమ్మం ఎక్కి పేలికలు అడిగింది. ఆ మొదటి చొక్కా అది. ఆ తర్వాత ఏటా కొలుపు నాడు మళ్ళీ పోయి, మళ్ళీ అడిగి, నేను పెరిగినంత మేరకు దాన్ని పెంచింది. ఆ రాత్రి నేను నిద్రపోయాక నా మీద కప్పి, తెల్లారేలోగా తీసి దాచేసేది. నేను నిలబడ్డాక పుట్టింది గనక రాజీ విషయంలో ఆ భయం లేకపోయిందట.

‘నాకు చెప్పుంటే ఏం పోయింది అవ్వా?’

‘చెప్తే మురిసిపోతావు. మురిస్తే మొగం వెలుగుతాది. వెలిగే మొగం మీద కండ్లు పడతాయి. అందుకే గదా మీ అమ్మ రోజూ అంత మసి రుద్దేది.’

పాలెంలో ప్రతి మనిషికీ తెలుసు. నాకూ రాజీకీ మాత్రమే తెలియదు. అంతమంది కలిసి అన్నేళ్ళు నోరు మూసుకోవడం మా పాలెంలో అంతకుముందూ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

నేను గాల్లో తేలుతుంటే లోపల రాజీ భోరున ఏడుస్తోంది. తిట్టు తిన్నందుకు కాదు. ‘నాకెందుకు అడుక్కోలేదు? నన్నెందుకు కుప్ప మీద ఎయ్యలేదు? నేనంటే మీకు పేమ ల్యా’ అని. శాటిన్ పావడా విసిరికొట్టింది. నాకైతే అంతకన్నా తీయని ఏడుపు జన్మలో వినలేదు. మర్నాడు పొద్దున్నే అది ఒక చేట పట్టుకుని తనకు తానే ఇంటింటికీ పోయి గుడ్డ పేలికలు అడిగింది. పోలమ్మ పెద్దమ్మ మసిగుడ్డ ఇచ్చిందట. దాన్ని పుస్తకంలో పెట్టుకుంది.

బడికి పోయి రాజీయే చెప్పింది. ‘టీచరమ్మా, అంగీ అక్కది, ఇంకెవురూ తొడగకూడదు. యోసేపు అక్కే. నేను తోస్తా.’ తోస్తానన్నప్పుడు దాని కళ్ళు వెలిగాయి. అమ్మ మాత్రం రెండు రోజులు ఒప్పుకోలేదు. పదిమంది ముందర ఆ అంగీతో ఎలా నిలబెడతానంది. అవ్వే తీర్పు చెప్పింది: ‘చూసేదంతా గుడ్డలిచ్చినోళ్ళేగా. ఇచ్చినోళ్ళ కండ్లు తగలవు.’

పండగ సాయంత్రం పాలెమంతా కాలువ దాటి వచ్చింది. పెట్రొమాక్స్ దీపాల చుట్టూ వానపురుగులు, తడిసిన ఇసుక మీద చాపలు, వేరుశనక్కాయల వాసన, పిల్లల ఏడుపులు. మా నాన్న వెనక వరసలో గోచీ మీద కొత్త తువ్వాలు కప్పుకుని నిలబడ్డాడు. ఫాతిమా దూదిగడ్డం సర్దుకుని, ‘నాయనా యోసేపూ, ఇది నీకొక్కడికే’ అని అంగీ ఎత్తి నాకు తొడిగింది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. కింది అంచు సరిగ్గా మడమల దగ్గర. ఎవరో కొలత తీసుకున్నట్టు.

తర్వాతి మాట అన్నలది. కానీ చాపల మీద నుంచి పోలమ్మ పెద్దమ్మ గొంతు లేచింది. ‘ఆ ఎర్రముక్క నాదేనమ్మోయ్, నా పెండ్లిచీర కొంగు.’

‘గళ్ళది మా ఆయన లుంగీ’ అంది ఇంకొకావిడ. ‘అడిగేదాకా చినిగిందని నాకే తెలీదు.’

‘భుజం మీదిది మా అత్త రవిక. పోయింది మహాతల్లి, ఈడ నిలబడుండాది జూడు.’

ఒక్కొక్కరే లేచారు. వేళ్ళు చూపిస్తున్నారు, ముందుకు వస్తున్నారు, నా చేతులు పట్టి తిప్పుతున్నారు, వీపు చూస్తున్నారు. రత్నమ్మ టీచరు ‘కూర్చోండమ్మా, కూర్చోండి’ అంటూనే కళ్ళు తుడుచుకుంటోంది. బావి పక్కన అన్నలు గడ్డాలు గోక్కుంటూ నిలబడ్డారు. రాజీ, పెద్దన్న, ఓపిక పట్టలేక నన్ను పట్టుకోబోయింది.

‘ఆగవే’ అని కేక. అమ్మ.

చాపలు దాటుకుని, నేరుగా నాటకంలోకి వచ్చేసింది. కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు. ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చిందన్నమాట. నా తల చుట్టూ కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అన్నల దిష్టి, ఐగుప్తోళ్ళ దిష్టి అన్నీ పోవాలంది. కాళ్ళ దాకా దించింది. దించుతున్నప్పుడు నా ముఖాన్ని చూసింది, పక్కకు తిరగకుండా, చాలాసేపు. ఆ తర్వాత అందరికీ వినబడేలా, ‘దీని ఎండు సావిడాయి మొహానికి అంగీ ఒకటి తక్కువైంది’ అంది.

నాకు అప్పుడు ఆ భాష వచ్చేసింది. అక్షరాలు వచ్చిన రోజు కూడా అంత ఆనందం లేదు.

అమ్మ ఉప్పు పట్టుకుని నిప్పులు వెతుక్కుంటూ పోతూ రాజీతో అంది, ‘ఆ, ఇప్పుడు తొయ్యండి.’

తోశారు. బావితో సహా పడ్డాను. యోసేపుకు ఐగుప్తులో పెద్ద ఉద్యోగం వచ్చేదాకా నాటకం బాగానే నడిచింది. కరువుకు తాళలేక గింజల కోసం వచ్చిన అన్నలను నేను వెంటనే క్షమించేశాను, చెప్పాల్సిన మాటలు సగం మింగేసి. ముందు కొంచెం ఏడిపించాలని టీచరమ్మ నేర్పింది గాని, ఆ రోజు నాకు ఎవరినీ ఏడిపించాలని లేదు.

ఇప్పుడు ఆ బడి గుడిసె లేదు, పెంకుల కట్టడం వచ్చింది. కాలువలో కట్టెల పడవలు పలచబడ్డాయి, లారీలు తిరుగుతున్నాయి. నైలాను వలలు వచ్చాక తుమ్మచెక్క బానలు బోర్లించేశారు. మా పాలెం పిల్లల కాళ్ళు ఇప్పుడు ఉత్త కాళ్ళ రంగులోనే ఉంటాయి. మా అవ్వ వెళ్ళిపోయింది. పోలమ్మ పెద్దమ్మా పోయింది, ఆవిడ నవ్వు వినబడని మధ్యాహ్నాలు ఎంత పెద్దవో. కానీ ఆవిడ పెళ్ళిచీర కొంగు మాత్రం అంగీలో నా ఎడమ ఛాతీ దగ్గర ఎర్రగా ఉంది. రాజీకి పెళ్ళయి దొరవారిసత్రంలో ఉంది, కూతురు పుడితే నా దగ్గరికి వచ్చి మొదటి పేలిక అడిగి తీసుకుపోయింది.

ఫలితాలు తెలిసిన రోజు కాలువ దాటి, దిబ్బ ఎక్కి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. అమ్మ చేపలు చీల్చి ఉప్పు పెడుతోంది. ‘అమ్మా, బి.ఏ. ప్యాసైనా.’

అమ్మ తలెత్తలేదు. ‘కాయితాలు దిద్దినోళ్ళకు కండ్లు ల్యావా? దీనికి బియ్యే ఏందమ్మా’ అంది. ఉప్పు పెట్టిన చేపకే మళ్ళీ ఉప్పు పెట్టింది. ఆ చేపను ఆ వారం ఎవరూ తినలేకపోయాం.

ఆ తర్వాత చేతులు కడుక్కుని పెట్టె తీసింది. అంగీ బయటికి తీసి, ఒళ్ళో పరుచుకుని, పట్టా ఎక్కడిస్తారని అడిగింది. తిరుపతిలో ఇస్తారు, నల్లగౌను తొడుక్కుని వరసలో నిలబడాలి అన్నాను. అమ్మ ముఖం మారింది. ‘కొత్తదా?’

‘కాదమ్మా. అద్దెకిస్తారు. ఏటా ఎవరెవరో తొడిగి విడిచినదే.’

‘మందిదా?’ అంది. ఊపిరి వదిలింది. మొక్కు తీరిపోయి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలుసు. ‘అయితే మంచిదే. చదువుకున్నోళ్ళకూ తెలుసన్నమాట.’ అంగీ అంచు వేళ్ళతో తడుముతూ, ఖాళీ ఎక్కడుందో చూస్తూ, గొంతు తగ్గించి అంది, ‘లోపలి మడతలో ఎవురికీ కనపడకుండా ఇంత పేలిక కత్తిరించుకోనిరా. బొటనేలంత చాలు.’

వచ్చే నెల తిరుపతి పోతున్నాను. సంచీ ఇప్పటి నుంచే సర్దుకున్నాను, దువ్వెన పెట్టుకున్నాను, అమ్మ చేపలు చీల్చే చోట నుంచి చిన్న కత్తెర కూడా తీసి పెట్టుకున్నాను.